పోగు తెగిందా, కబురు తెగిందా

మా మేనమామది షోలాపూర్. ఊరి తూర్పు భాగంలో, అశోక్ చౌక్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక సందులో ఇల్లు. కింద నాలుగు సాంచాలు, పైన కాపురం. సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్లలోనూ అదే మాట, ఇక్కడా అదే మాట. మెట్టు మీద కాలు పెట్టగానే సాంచాలు నడుస్తున్నదీ లేనిదీ అరికాలికి తెలిసిపోతుంది. నడుస్తుంటే గోడకు తగిలించిన గ్లాసులు సన్నగా మోగుతూనే ఉంటాయి. ఆ ఇంట్లో వాళ్ళకు ఆ మోత వినపడదు, ఆగిపోయినప్పుడే వినపడుతుంది.

పుణెలో ఉద్యోగం చేసే మా బావమరిది తల్లి కోసం ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్ ఒకటి కొనిచ్చాడు. ఏడాదిన్నర బాగానే నడిచింది. తర్వాత ఉతుకు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. డ్రమ్ము నిలిచిపోతుంది, తలుపు తెరుచుకోదు, లోపల సబ్బు నీళ్ళలో బట్టలు. చిన్న తెర మీద ఒక అక్షరం, ఒక అంకె. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో చూస్తే దాని అర్థం 'మోటారుతో సంబంధం తెగింది' అని. చూడ్డానికి వచ్చిన మెకానిక్ రెండు బోర్డులూ మార్చాలన్నాడు. ఆయన చెప్పిన ధర కొత్త మెషీన్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. షోలాపూర్‌లో కుళాయి నీళ్ళు రోజూ రావు. కొన్ని రోజులకోసారి వచ్చినప్పుడు పట్టుకున్న నీళ్ళతోనే వారం బట్టలు తెమలాలి. అందుకే మా అత్తకు డబ్బు కంటే ఆ నీళ్ళు వృథా కావడమే ఎక్కువ బాధ.

మోటారుతో సంబంధం ఏమిటి, అది తెగడం ఏమిటి?

పాత మెషీన్‌లో ఈ గొడవ లేదు. టైమరు స్విచ్చు కలిపితే కరెంటు నేరుగా మోటారుకు వెళ్ళేది, బెల్టు తిరిగేది. కొత్తవాటిలో చాలావరకు బ్రష్‌లెస్ మోటారు ఉంటుంది. తిరిగే భాగంలో అయస్కాంతాలు, నిలిచి ఉండే భాగంలో మూడు జట్ల రాగి చుట్లు. ఆ మూడు జట్లకూ వంతులవారీగా, సమయం తప్పకుండా కరెంటు అందిస్తేనే అది తిరుగుతుంది. ఆ వంతులు చూసుకోవడం ఒక్కటే పనిగా ఒక బోర్డు ఉంటుంది, దాన్ని మోటారు బోర్డు అందాం. మీటలు, నీళ్ళు, తలుపు, వేడి, సమయం అన్నీ చూసేది మరో బోర్డు. అది పెద్ద బోర్డు. ఈ రెండూ ఒకే డబ్బాలో రెండు మూలల్లో ఉంటాయి. మధ్యలో నాలుగైదు సన్నని తీగలు.

ఆ తీగల మీద మాటలు నడుస్తాయి. 'కుడి వైపుకు నిమిషానికి 45 చుట్లు తిప్పు' అని పెద్ద బోర్డు అంటుంది. 'తిప్పుతున్నాను, ఇప్పుడు 44 ఉంది, ఇంత కరెంటు పోతోంది, ఇంత వేడెక్కాను' అని మోటారు బోర్డు బదులిస్తుంది. ఇదంతా ఉంది, లేదు అనే రెండే గుర్తులతో, అంటే 1, 0 లతో సాగుతుంది. సెకనుకు 9600 గుర్తులు పంపే తీగను తీసుకుంటే ఒక్కో గుర్తుకు దక్కే కాలం సెకనులో దాదాపు పదివేలవ వంతు. ఒక అక్షరం వెళ్ళడానికి దాదాపు ఒక మిల్లీసెకను. అంత కొద్దిసేపు తీగ పట్టు తప్పినా మాట పాడవుతుంది.

పాడైన మాటను నిజమని నమ్మితే ప్రమాదం. అందుకే ప్రతి మాట చివర లెక్క జోడిస్తారు. 12, 40, 7 అనే మూడు అంకెలు పంపాలంటే వెనుక వాటి మొత్తం 59 కూడా పంపుతారు. అవతల 12, 44, 7, 59 అందాయనుకోండి, కూడి చూస్తే 63 వస్తుంది. దారిలో ఏదో చెడిందని తెలిసిపోయి, అందుకున్న బోర్డు ఆ మాటను పక్కన పడేస్తుంది. ఇలా వరుసగా కొన్ని మాటలు చెడినా, అసలు మాటే రాకపోయినా, మెషీన్ మోటారును ఆపేసి తెర మీద ఆ అక్షరం చూపిస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే నీళ్ళు పిండే వేళ డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. దాని వ్యాసార్ధం 24 సెంటీమీటర్లనుకుంటే అంచు వేగం గంటకు సుమారు 109 కిలోమీటర్లు. అంచున ఉన్న కిలో తడి బట్ట 380 కిలోలకు మించిన బలంతో గోడను నెడుతుంది. అలాంటిది తిరుగుతోందో ఆగిందో పెద్ద బోర్డుకు కబురు లేకపోతే తలుపు తాళం తీయవచ్చో లేదో దానికి ఎలా తెలుస్తుంది? ఇంటి పరికరాల్లోని నియంత్రణ బోర్డుల భద్రతకు ఐఈసీ 60730 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. ఇలాంటి కబుర్ల తప్పులను పసిగట్టి పరికరాన్ని క్షేమమైన స్థితికి తేవాలని అది అడుగుతుంది. మా అత్తకు విసుగు తెప్పించిన ఆ ఆగుడు మెషీన్ తన ధర్మం పాటించడమే.

ఈ సంగతి మామకు వివరించబోతే ఆయన నన్ను కిందికి తీసుకెళ్ళి సాంచా పక్కన నిలబెట్టాడు. "గీ ఫోర్కు చూసినవా? నువ్వు చెప్పేది గిదే గద అల్లుడా."

అదే. పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తేటప్పుడు పేక పోగు, అంటే అడ్డపోగు, వెనక వస్తోందో లేదో చూడటానికి సాంచా ఒక పక్కన చిన్న ముళ్ళ కొయ్య లాంటి ఫోర్కు ఉంటుంది. దాని ఎదురుగా ఇనుప జాలీ. పోగును గుడ్డలోకి కొట్టే పన్నె ముందుకు వచ్చినప్పుడు పోగు ఉంటే ఆ పోగే ఫోర్కును నెట్టి వంచుతుంది. వంగితే కొక్కెం పైకి లేస్తుంది, సాంచా నడుస్తూనే ఉంటుంది. పోగు లేకపోతే ముళ్ళు జాలీ సందుల్లోంచి దూరిపోతాయి, ఫోర్కు వంగదు, కొక్కెం కింద కదిలే మీటను పట్టుకుంటుంది, సాంచా ఆగిపోతుంది. నాడె వెళ్ళి వచ్చిన ప్రతిసారీ, అంటే రెండు పోట్లకు ఒకసారి, ఈ పరీక్ష జరుగుతుంది. 1840ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో కెన్‌వర్తీ, బుల్లో తీర్చిదిద్దిన లాంకషైర్ మగ్గం పేక తెగితే తనంతట తాను ఆగేది. మన ఊళ్ళలోని సాంచాల వంశం చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే.

ఇందులో ఒక విశేషం గమనించాలి. ఫోర్కు 'పోగు తెగింది' అని ఎప్పుడూ చెప్పదు. 'పోగు ఉంది' అని మాత్రమే పదేపదే చెబుతుంది. ఆ కబురు రాకపోవడమే ఆగమనే ఆజ్ఞ. మోటారు బోర్డు పద్ధతీ ఇదే. ఫోర్కు పొరబడితే రెండు రకాలుగా పొరబడుతుంది. ముల్లు వంకరపోతే పోగు ఉన్నా సాంచా ఆగుతుంది. జాలీలో దూది నలుసు పేరుకుంటే పోగు లేకపోయినా ఆ నలుసే ఫోర్కును వంచి సాంచాను ఉత్తినే నడిపిస్తుంది. అందుకే సాంచా ఆగగానే నేతగాడు ముందు నాడెలోని కండె వైపు చూస్తాడు. నిజంగా పోగు తెగిందా, కబురు తెగిందా? ఈ ప్రశ్నకు జవాబు దొరక్కుండా అతను దేనినీ విప్పడు.

తెర మీద కనపడే అక్షరం మనిషిని ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది. అందులో మోటారు అనే మాట ఉంది కాబట్టి మోటారునో, దాని బోర్డునో అనుమానిస్తాం. మోటారు బిగుసుకుపోయినా, ఎక్కువ కరెంటు లాగినా సాధారణంగా వేరే గుర్తు వస్తుంది. ఈ గుర్తు చెప్పేది ఒక్కటే: నేను పిలిచాను, అవతల నుంచి సరైన బదులు రాలేదు. బదులు రాకపోవడానికి అవతలి బోర్డు చచ్చిపోయి ఉండనక్కర లేదు. దానికి కరెంటే అంది ఉండకపోవచ్చు. కొన్ని మెషీన్లలో మోటారు బోర్డుకు వెళ్ళే కరెంటు తలుపు తాళం గుండా పోతుంది. తాళంలోని రేకు మసిబారితే మోటారు బోర్డు మేలుకోనే మేలుకోదు. తీగ తెగి ఉండవచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు, ప్లగ్గు వదులై ఉండవచ్చు. చివరగా, నిజంగా బోర్డే పోయి ఉండవచ్చు. చివరగా అని ఎందుకు అంటున్నానంటే అన్నిటికంటే ఖరీదైన అనుమానం అదే. పైగా మోటారు చుట్లలో షార్టు ఉండి పాత బోర్డు కాలిపోయి ఉంటే, అది చూడకుండా పెట్టిన కొత్త బోర్డు కూడా అదే దారి పడుతుంది. మూడు చుట్లనూ రెండేసి చొప్పున మీటరుతో కొలిస్తే మూడు కొలతలూ దాదాపు సమానంగా రావాలి, ఏదీ మోటారు ఒంటికి తగలకూడదు. రెండు నిమిషాల పని. అది చేయకుండా బోర్డు అమ్మేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది.

నేను స్క్రూడ్రైవరు తీయబోతుంటే మామ ఆపాడు. "చద్దరు మీద డిజైన్‌ల తప్పు పడ్డదనుకో. ముందుగాల అట్ట చూస్తమా, తాడు చూస్తమా?"

నాకు తెలియలేదు.

"ఏదీ చూడం. గుడ్డ చూస్తం. తప్పు యాడ పడ్డదో గుడ్డనే చెప్తది."

షోలాపూర్ చద్దర్లు జకార్డు మీద నేస్తారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జోసెఫ్ మరీ జకార్డు 1804లో తెచ్చిన యంత్రం అది. చిల్లులు పొడిచిన అట్టలు దండలా కుట్టి పైనుంచి వేలాడదీస్తారు. చిల్లు ఉన్న చోట సూది దూరుతుంది, కొక్కెం లేస్తుంది. ఆ కొక్కేనికి కట్టిన తాళ్ళు కింద నిలువుగా సాగే పడుగు పోగులను లేపుతాయి. ఒక్కో కొక్కెం ఒక్క పోగును కాదు, గుడ్డ వెడల్పంతా ఎన్ని పువ్వులుంటే అన్ని పోగులను, పువ్వుకొకటి చొప్పున లేపుతుంది. ఇప్పుడు మామ మాట చూడండి. ఒకే ఒక్క పోగు గుడ్డ నిడివంతా తప్పుగా కనిపిస్తే ఒక తాడు తెగింది. ప్రతి పువ్వులోనూ అదే పోగు నిడివంతా తప్పితే కొక్కెమో సూదో చెడింది. అన్ని పువ్వుల్లోనూ ఒకే అడ్డ వరుసలో తప్పు పడి, అట్టల దండ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మళ్ళీ అక్కడే పడితే ఆ ఒక్క అట్టలో చిల్లు తప్పు. యంత్రాన్ని ముట్టుకోకుండానే, తప్పు మళ్ళీ మళ్ళీ వచ్చే తీరును బట్టి దాని ఇల్లు కనుక్కుంటారు. నిజాం రాజ్యపు కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి మగ్గం భుజాన వేసుకుని వచ్చిన కుటుంబాలు తరతరాలుగా చేసిన పని ఇది. నేను చదివిన ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో ఈ పద్ధతికి పెద్ద పేర్లున్నాయి.

కాబట్టి మెషీన్ ఎప్పుడు ఆగుతోందని అడగాలి. మా అత్త గోడ మీది కాలనిర్ణయ్ క్యాలెండరు చూపించింది. నీళ్ళొచ్చిన రోజుకు గడిలో ఒక నిలువు గీత, మెషీన్ ఆగిన రోజుకు గీత పక్కన చుక్క. నీళ్ళ గీతలు పదకొండు ఉన్నాయి. వాటిలో ఎనిమిదింటి పక్కన చుక్కలున్నాయి. చుక్క లేని మూడిటినీ ఒక్కొక్కటే అడిగాను. ఒకటి శ్రావణ పౌర్ణమి. షోలాపూర్‌లో మార్కండేయ మహాముని రథం ఊరేగే రోజు. "ఆ నాడు ఇంటి నిండ చుట్టాలు. దుప్పట్లు, తువ్వాళ్లు అన్నీ ఏసిన. ఒక్కపారి గూడ ఆగలే," అంది అత్త. రెండోది దూరపు బంధువు చనిపోయిన రోజు. మూడోది రాత్రి పదకొండు తర్వాత బట్టలు వేసిన రోజు.

మూడు రోజులకూ పోలిక ఒక్కటే. కింద సాంచాలు బంద్.

సాంచాలు నడిస్తే ఇంట్లో రెండు విషయాలు మారతాయి. కరెంటు వోల్టేజీ దిగవచ్చు, ఇల్లు అదరవచ్చు. రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి క్యాలెండరు వాటిని విడదీయలేదు. విడదీయడానికి పరీక్ష కావాలి.

మెషీన్ ప్లగ్గు పీకేశాం. పది నిమిషాలు ఆగాం. ఇది విడిచిపెట్టకూడని జాగ్రత్త. 230 వోల్టుల కరెంటును మోటారు బోర్డు దాదాపు 325 వోల్టుల డీసీగా మార్చి కెపాసిటర్లలో నిల్వ చేస్తుంది. ప్లగ్గు తీసినా అది కాసేపు అక్కడే ఉంటుంది, చంపగలిగినంత. మీటరుతో సున్నాకు దిగిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాను. పెద్ద బోర్డు వైపు ప్లగ్గు ఊడదీసి, మోటారు బోర్డు వైపు ప్లగ్గును ఉన్నది ఉన్నట్టే ఉంచాను. మీటరు ఒక కొన తీగ చివర, రెండో కొన మోటారు బోర్డు మీద ఆ తీగ చేరే టంకం చుక్క దగ్గర. అంటే కొలతలో తీగతో పాటు ప్లగ్గు పట్టు కూడా వస్తుంది. నా డిజిటల్ మీటరు నాలుగు తీగలకూ అర ఓముకు లోపే చూపించింది. బాగున్నట్టే లెక్క. మెకానిక్ చూసి ఉంటే ఆయనకూ అదే కనపడి ఉంటుంది, ఎందుకంటే సాంచాలు ఆపించి, ప్రశాంతంగా ఉన్నప్పుడే చూస్తారు ఎవరైనా.

మామ దగ్గర పాత ముల్లు మీటరు ఉంది. డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది. ముల్లు మాత్రం ఆగకుండా కదులుతుంది, అదురు కంటికి తెలుస్తుంది. దాన్ని తగిలించి కిందికి కేక వేశాను. మామ ఒక సాంచా వేశాడు. ఏమీ లేదు. రెండోది. మూడోది. నాలుగోది కూడా అందుకున్నాక, మూడో తీగ మీద ముల్లు వణకడం మొదలైంది. కింద పన్నె కొట్టే దెబ్బకూ పైన ముల్లు ఉలికిపాటుకూ లయ కలిసింది. ఉన్నట్టుండి ముల్లు పూర్తిగా వెనక్కి పడి మళ్ళీ లేచేది. మెషీన్‌కు కరెంటే లేదు కాబట్టి వోల్టేజీ నేరం కాదని తేలిపోయింది. మిగిలింది అదురు.

ప్లగ్గు ఊడదీసి భూతద్దంతో చూశాను. మూడో గూటిలోని రేకు కొంచెం విచ్చుకుని ఉంది. పిన్ను మీద ఆవగింజలో సగం కూడా లేని నల్లని మచ్చ. చుట్టూ బూజులా దూది నలుసు.

ఆ నల్లని మచ్చకు ఒక కథ ఉంది. ఇలాంటి పిన్నులకు తగరం పూత ఉంటుంది. తగరం గాలి తగలగానే పలచని ఆక్సైడు పొర కట్టుకుంటుంది. ప్లగ్గు గట్టిగా దిగినప్పుడు ఆ పొర పగిలి లోపలి లోహం లోహాన్ని పట్టుకుంటుంది. కదలకుండా ఉంటే ఏళ్ళ తరబడి ఏమీ కాదు. వెంట్రుక మందంలో చిన్న వంతు అటూ ఇటూ జరుగుతూ ఉంటే మాత్రం ప్రతి కదలికకూ కొత్త లోహం బయటపడుతుంది, దానికి కొత్త పొర కడుతుంది, ఆ పొర పొడిగా రాలి మధ్యలో పేరుకుంటుంది. ఆ పొడి కరెంటును పోనివ్వదు. దూది నలుసు దానికి తోడు. 65 శాతం తేమ ఉన్న గాలిలో పొడి నూలు తన బరువులో సుమారు ఎనిమిది శాతం నీరు పీల్చుకుంటుంది. అంటే ఆ నలుసు పిన్నుల మధ్య తేమ పట్టి కూర్చుంటుంది.

వాషింగ్ మెషీన్ తన అదురును తాను తట్టుకునేలా తయారవుతుంది. అది అదిరేది బట్టలు ఉతికే ఆ గంట సేపే. ఈ ఇంట్లో మాత్రం స్విచ్చు ఆపి ఉన్నా అదురుతూనే ఉంది. సాంచా నిమిషానికి 110 పోట్లు వేస్తుందనుకుంటే, పన్నెండు గంటల్లో 79,200 దెబ్బలు. అది ఒక్క సాంచా లెక్క. ఆ పిన్ను ఏడాదిన్నరలో పడ్డ అవస్థ అంతా ఈ దెబ్బల వల్లేనని నా అంచనా.

గరుకు కాగితం పెట్టి రుద్దలేదు. రుద్దితే తగరం పూతే పోతుంది, తర్వాత మచ్చ ఇంకా త్వరగా వస్తుంది. కాంటాక్టు క్లీనరు చల్లి, మెత్తని బ్రష్షుతో పొడి తీసేశాను. విచ్చుకున్న రేకును సూదితో దగ్గరికి నొక్కాను. ప్లగ్గు చప్పుడయ్యేదాకా దింపి, తీగల కట్టను పక్కనున్న చట్రానికి రెండు చోట్ల బిగించాను. తీగ వేలాడకపోతే ప్లగ్గును లాగదు. మెషీన్ నాలుగు కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టాం. సాంచాల షెడ్డులో వాడే రబ్బరే, మామ కోసి ఇచ్చాడు. మళ్ళీ ముల్లు మీటరు తగిలించి నాలుగు సాంచాలూ వేయించాను. ముల్లు కదల్లేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే నీళ్ళొచ్చాయి. నేను అప్పటికే రైలెక్కాను. సాంచాలు నడుస్తుండగానే అత్త ఒక పాత చద్దరు, నాలుగు తువ్వాళ్ళు వేసి, పిండే దాకా దాని ముందే పీట వేసుకుని కూర్చుందట. సాయంత్రం బావమరిది క్యాలెండరు ఫోటో పంపాడు. ఆ రోజు గడిలో నీళ్ళ గీత ఉంది. పక్కన చుక్క లేదు.